వార్షిక నివేదిక: గురుద్వారా జంక్షన్ మెట్రో స్టేషన్, మన కాలనీ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశాల్లో ఎక్కువగా చర్చకు వచ్చింది గురుద్వారా జంక్షన్‌లో ప్రతిపాదించిన మెట్రో స్టేషన్. 2014 విభజన చట్టంలో విశాఖ మెట్రో మాట వచ్చినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాం. ఇప్పటి ప్రతిపాదనలో తొలి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది వెళ్లే పెద్ద లైనూ, పాత పోస్టాఫీసు దాకా వెళ్లే సుమారు 5 కిలోమీటర్ల చిన్న లైనూ కలిసేది మన దగ్గరే. గాజువాక వైపు నుంచి పాత ఊరికి పోయేవాళ్లు ఇక్కడ రైలు మారాలి. ఆ రద్దీ మన వీధుల మీద పడుతుంది. స్టేషన్ వచ్చాక చూసుకుందాంలే అంటే కుదరదు. మెట్లు, లిఫ్టులు ఎక్కడ దిగాలో డిజైన్‌లోనే తేలిపోతుంది.

అందుకే సీతమ్మధార రైతుబజారు నుంచి జంక్షన్ దాకా సభ్యులం నడిచి చూశాం. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడను వీల్‌చెయిర్‌లో వెంట తీసుకెళ్లాం. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ అడ్డొచ్చిన చోట కుర్చీని రోడ్డు మీదికి దించక తప్పలేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే ఆవిడ ఒళ్లోని కూరగాయల సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. స్టేషన్‌లో లిఫ్టు ఉన్నా అక్కడిదాకా వెళ్లే దారి లేకపోతే ఆవిడకేం లాభం?

ఈ అనుభవంతోనే వినతిపత్రం రాశాం. ఫుట్‌పాత్ ఎక్కడా తెగకుండా ఉండాలి. హైవేకు రెండు వైపులా మెట్లు, లిఫ్టులు పెట్టాలి. టికెట్ లేనివాళ్లు కూడా స్టేషన్ మీదుగా రోడ్డు దాటగలగాలి. ఈ మూడోది మాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే స్కూలు పిల్లలు రోజూ ఆ ట్రాఫిక్‌లోంచే దాటుతున్నారు. టిఫిన్ బండ్లవాళ్లకు, ఆటో స్టాండుకు ముందే చోటు చూపించాలనీ కోరాం. హుద్‌హుద్ తుపాను తర్వాత నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే నీడనిస్తున్నాయి, వాటిని వీలైనంత వరకు కాపాడాలనీ రాశాం.

మిగతా పనుల్లో వానాకాలానికి ముందు కాలువల పూడిక తీయించాం, ఆగిపోయిన వీధి దీపాలు వెలిగించాం. జమాఖర్చులు ఆఫీసు బోర్డు మీద ఉన్నాయి.

వచ్చే ఏడాది ఇదే నడక సాయంత్రం రద్దీలో పెట్టుకుంటున్నాం. ముఖ్యంగా అద్దెకుంటున్న కుటుంబాలు రావాలి. రోజూ బస్సెక్కేది ఎక్కువగా వాళ్లే. పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి.