అంత అవసరమా అని అడిగావు కదా

కన్నా,

మొన్న ఫోన్లో రెండు ప్రశ్నలు అడిగి పెట్టేశావు. "నాన్నని మర్చిపోయావా?" అన్నది మొదటిది. దాని జవాబు నీకూ తెలుసు, కోపంలో అడిగావు, వదిలెయ్. రెండోది, "ఇప్పుడు మళ్ళీ పెళ్ళి, అంత అవసరమా అమ్మా?" అన్నది మాత్రం మంచి ప్రశ్న. చాలామంది అడగాలనుకుని మొహమాటంతో ఆగిపోతున్న ప్రశ్న కూడా. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నాకు ఏడుపొస్తుంది, అసలు సంగతి పక్కకి పోతుంది.

అవసరం లేదురా.

వెటకారానికి అనడం లేదు. నాన్న పోయిన కొత్తలో నాకు చేతకానివి ఎన్నో ఉండేవి. ఏ ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియదు, దేని పాస్‌వర్డు ఏమిటో తెలియదు. మరణ ధ్రువపత్రం జిరాక్సులు సంచిలో వేసుకుని ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిరిగాను. ఒకచోట అయితే క్లర్కు నా మొహం కూడా చూడకుండా "ఆయన్నే వచ్చి సంతకం పెట్టమనండి" అన్నాడు. నేను ఏమీ అనకుండా కాగితం అతని ముందుకి జరిపాను. ఇప్పుడు ఆ పనులన్నీ నాకు వచ్చు. పన్ను రిటర్ను నేనే వేస్తున్నాను, బండి నేనే సర్వీసింగుకి ఇస్తున్నాను, చెల్లి లెక్కలు నేనే చెబుతున్నాను. కొన్ని నాన్నకంటే నేనే నయం. ఆయన ఉంటే ఒప్పుకునేవారు కాదనుకో.

కానీ చుట్టూ ఉన్నవాళ్ళకి నేను అవసరంలో ఉన్నట్టు కనిపిస్తేనే సుఖంగా ఉంది. మీ పిన్ని "పెద్దయ్యాక ఒక తోడుండాలి కదక్కా" అంది. ఆఫీసులో ఒకావిడ "ఆడపిల్ల ఉన్న ఇల్లు, మగదిక్కు ఉంటే మంచిదే" అంది. ఇంకొకరు "పిల్లల కోసమే కదా పాపం" అని నా బదులు తనే సర్దిచెప్పుకుంది. అందరూ మంచివాళ్ళే. నన్ను క్షమించడానికి తలా ఒక కారణం తెచ్చి చేతిలో పెడుతున్నారు. నేను తల ఊపితే చాలు, పని అయిపోతుంది. నాకు మాత్రం తల ఊపబుద్ధి కాలేదు.

నేను పెళ్ళి చేసుకోబోయే ఆయనంటే నాకు ఇష్టం. అంతే. ఆయన వస్తున్నారంటే అద్దం ముందు ఇంకాసేపు నిలబడతాను. ఏదైనా తమాషా జరిగితే ముందు ఆయనకి చెప్పాలనిపిస్తుంది. కొడుక్కి రాయాల్సిన మాటలు కావని తెలుసు. అయినా నువ్వు ఇంకెవరి నోటో వినేకన్నా నా చేతిరాతలో చదవడం మంచిది.

ఇంకో మాట కూడా ఆలోచించు. అవసరం కోసం చేసుకుంటున్నాను అనుకుందాం. అప్పుడు ఖాళీ అయిన ఉద్యోగంలోకి కొత్త మనిషిని తీసుకున్నట్టు అవుతుంది. బిల్లులు కట్టే మనిషి, బండి తోలే మనిషి, రాత్రి తలుపు గడియ వేసే మనిషి. మీ నాన్న నాకు అంతేనా? అవసరం అన్న మాట వింటే మర్యాదగానే ఉంటుంది కానీ దాంట్లో నాన్నని చిన్నచేయడం ఉంది. అవసరాలన్నీ తీరాక, నా కాళ్ళమీద నేను నిలబడ్డాక ఇష్టపడ్డాను కాబట్టే నాన్న చోటు నాన్నదిగా ఉంది. దాన్ని ఎవరూ నింపడం లేదు, నింపమని నేను అడగడమూ లేదు.

"ఇంత తొందరగానా" అని కూడా నీ మనసులో ఉండొచ్చు. నేను కొన్నాళ్ళు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. నీకు చెప్పలేదు, పరీక్షల్లో ఉన్నావు. దుఃఖానికి ఐదు మెట్లుంటాయనీ, ఒక్కొక్కటీ ఎక్కి చివరికి ఒప్పుకోవడం అనే మెట్టు మీద కూర్చుంటామనీ నేను అనుకునేదాన్ని. ఆ ఐదు దశల గురించి ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే డాక్టరు 1969లో రాసింది, తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. వెనక మిగిలిపోయిన మనలాంటివాళ్ళకి అది తర్వాత అంటుకుంది. కౌన్సెలర్ నాకు చెప్పింది ఇంకొకటి. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అని ఇద్దరు పరిశోధకులు ఒక మాట చెప్పారట. భార్యనో భర్తనో పోగొట్టుకున్న మనిషి ఒక దిక్కుకే నడవడు. కాసేపు పోయినవాళ్ళ వైపు తిరుగుతాడు, కాసేపు బతకాల్సిన బతుకు వైపు తిరుగుతాడు, మళ్ళీ వెనక్కి వెళ్తాడు. ఇలా అటూ ఇటూ తిరగడమే మనిషి తేరుకునే పద్ధతి అని.

అది విన్నాక నాకు చాలా భారం దిగింది. పొద్దున నాన్న చొక్కా పట్టుకుని ఏడ్చి, సాయంత్రం ఆయనతో ఫోన్లో నవ్వితే, నాలో ఏదో తేడా ఉందని భయపడేదాన్ని. తేడా ఏమీ లేదు. రేపు పెళ్ళయ్యాక కూడా ఏడుస్తాను, నువ్వు ఆశ్చర్యపోవద్దు. ఆయనకి ఆ సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

ఆయన భార్య పోయింది నాన్నకంటే ముందే. జబ్బుపడి, చాలాకాలం మంచం మీద ఉండి పోయిందట. మొదట్లో ఆయన నాకు మా ఆఫీసుకి ఆడిట్‌కి వచ్చే మనిషిగానే తెలుసు. రాత్రి ఎనిమిదింటికి ఆయన ఫోన్లో ఒక అలారం మోగుతుంది. ఒకసారి లెక్కలు ఆలస్యమై అందరం కూర్చునుండగా మోగింది. దేనికండీ అని అడిగాను. "మా ఆవిడ మాత్రల టైము" అన్నారు. ఆపేసి మళ్ళీ లెక్కల్లో పడ్డారు. తీసెయ్యొచ్చు కదా అని నేను అనలేదు. నాన్న నంబరు నా ఫోన్లో ఇంకా మొదటి వరసలోనే ఉంది కాబట్టి. నాకు నచ్చడం అక్కడ మొదలైంది అనుకుంటా. పోయిన మనిషిని దాచుకోవడానికి ఎదుటివాళ్ళ అనుమతి అడగని మనిషి, నన్నూ అడగనివ్వడు అనిపించింది.

మన ఇంటికి వచ్చినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఇంటర్నెట్ రావడం లేదని చెల్లి గోల చేస్తుంటే ఆయన టీవీ వెనక చూస్తానన్నారు. అక్కడ నాన్న వైర్లకి కాగితం ముక్కలు అంటించి పెట్టారు, గుర్తుందా? "టీవీ", "మోడెమ్", "స్పీకరు". ఒకదాని మీద "ఇది పీకకండి బాబూ" అని. నువ్వు గేమ్ పెట్టుకోవడానికి పీకేసేవాడివని రాశారు. ఆయన వంగి అవి చదివి గట్టిగా నవ్వారు. నవ్వేసి, "మీ నాన్న చేతిరాతా?" అని చెల్లిని అడిగారు. అది అవునంది. తెగిపోయింది స్పీకరు పక్కనున్న కేబులు. కొత్తది తెచ్చి వేశాక, పాతదాని మీదున్న కాగితాన్ని గోటితో మెల్లగా ఊడదీసి, కొత్తదానికి టేపుతో అంటించారు. తన అక్షరాలతో కొత్త కాగితం రాయడం ఇంకా తేలికైన పని. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నానని ఆయనకి తెలియదు.

ఇక చెల్లి. నువ్వు దూరంగా ఉన్నావు, కోపం తెచ్చుకునే వీలు నీకుంది. చెల్లి ఈ ఇంట్లోనే ఉంది. ఆయన వచ్చినరోజు బాగా కబుర్లు చెబుతుంది, ఆడుతుంది. ఆ రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి నాన్న మాట్లాడిన వీడియో పెట్టమంటుంది. మొదటిసారి నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆయనతో ఎంత నవ్వితే నాన్నకి అంత బాకీపడినట్టు అనుకుంటోంది. ఒకళ్ళని ఇష్టపడితే ఇంకొకళ్ళకి ద్రోహం చేసినట్టు అన్న ఆ భయం ఇలాంటి ఇళ్ళలో చాలామంది పిల్లలకి ఉండేదేనట. మారుటి తల్లిదండ్రులున్న కుటుంబాలతో ఏళ్ళతరబడి పనిచేసిన పట్రీషియా పేపర్నో అనే సైకాలజిస్టు దీని గురించి చాలా చెప్పింది. ఇంకో మాట కూడా ఆవిడదే. కొత్తగా వచ్చిన మనిషి ముందు పిల్లలతో పరిచయం పెంచుకోవాలి, క్రమశిక్షణ పని కన్నతల్లికో తండ్రికో వదిలెయ్యాలి అని. అందుకే చెల్లిని కేకలేసే డ్యూటీ నాదే. అది హోమ్‌వర్కు చెయ్యకపోతే ఆయన నా మొహం చూస్తారు, అంతే. ఇలాంటి ఇల్లు కుదురుకోవడానికి నెలలు కాదు, ఏళ్ళు పడుతుందని కూడా ఆవిడే చెప్పింది. కాబట్టి రేపు సెలవులకి నువ్వు వచ్చేసరికి అందరం ఒకే బల్ల దగ్గర కిలకిల నవ్వుతామని నేనేమీ కలలు కనడం లేదు.

నీ టెన్షన్‌లో న్యాయం ఉందని కూడా ఒప్పుకుంటున్నాను. 1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు డాక్టర్లు మనిషి జీవితంలో వచ్చే మార్పులకి మార్కులు వేసి ఒక పట్టిక చేశారు. భార్యో భర్తో పోతే 100, అన్నిటికంటే పైన అదే. పెళ్ళికి 50. పెళ్ళి మంచిదే కదా అని మార్కులు తగ్గించలేదు చూడు. మంచి మార్పు కూడా ఒంటిమీద పడే బరువే. నాకే అలా ఉంటే, ఎవరూ అడక్కుండా నెత్తిన పడ్డ నీకు ఎలా ఉంటుందో ఊహించుకోగలను.

డబ్బు సంగతి నువ్వు అడగలేదు, అడగవు కూడా. నేనే చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ఇళ్ళలో చివరికి మనసులు విరిగేది దాని దగ్గరే. ఈ ఇల్లు మీ ఇద్దరిదీ. వీలునామా కొత్తగా రాయించాను. పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా చెల్లుతుందా లేదా అన్నది ఒక్కో చట్టంలో ఒక్కోలా ఉంటుంది, అందుకని లాయరు ముందు కూర్చుని అన్నీ అడిగాను. నామినీ పేర్లన్నీ తిరగేశాను. రెండుచోట్ల ఇంకా నాన్న పేరే ఉంది, మీ పేర్లు పెట్టాను. ఆయనా తన కూతురి కోసం అదే పని చేశారు. కాగితాల నకళ్ళు నీకు పంపుతాను. నీకు బోర్ కొట్టినా చదువు.

నీ గదిని ఎవరూ ముట్టుకోరు. హాల్లో నాన్న ఫోటో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఆయన్ని నాన్న అనమని నిన్ను ఎవరూ అడగరు. అడిగితే ముందు నేనే ఒప్పుకోను. చెల్లి అంకుల్ అంటోంది. నీకు అదీ బరువనిపిస్తే "ఏమండీ" అను, లేకపోతే ఏమీ అనకు. ఆయన్ని ఇష్టపడమని నేను అడగడం లేదు. ఇష్టం అడిగితే వచ్చేది కాదు, నా సంగతే చూడు. మర్యాద మాత్రం అడుగుతున్నాను. మన ఇంటికి వచ్చిన ఏ మనిషికైనా నువ్వు ఇచ్చేంత. అది నీకు నాన్న నేర్పినదే కాబట్టి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

నిన్ను అడిగి నిర్ణయం తీసుకోలేదని కూడా నీకు కోపం ఉండొచ్చు. అడగలేదు, నిజమే. ఒకవేళ అడిగితే, వద్దు అనే బరువు నీమీద పడేది. నువ్వు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని. ఆ తర్వాత నేను ఒంటరిగా కూర్చున్న ప్రతిసారీ నువ్వు నా మొహంలో బాధ వెతుక్కునేవాడివి. ఇరవై ఏళ్ళ పిల్లాడి చేతిలో పెట్టాల్సిన పని కాదది. నిర్ణయం నాది. దాని మీద కోపం తెచ్చుకునే హక్కు నీది. ఎంతకాలం కావాలంటే అంతకాలం ఉంచుకో.

రిజిస్ట్రేషన్ తేదీ ఇంకా పెట్టుకోలేదు. నీ సెమిస్టర్ అయ్యాకే పెడతాం. వస్తే సంతోషం, రాలేకపోతే అర్థం చేసుకుంటాను. సాక్షి సంతకం నిన్ను అడగను, పిన్ని పెడుతుంది.

ఒక్క పని మాత్రం ఈ ఉత్తరం చదవగానే చెయ్యి. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, చెల్లికి ఫోన్ చెయ్యి. నువ్వు కోపంగా ఉన్నది తను ఆయనతో ఆడుకుందనే అనుకుంటోంది. ఆయనతో ఉన్న ఫోటో నీకు పంపింది తనే కదా. అది కాదని నేను చెబితే నమ్మడం లేదు, నువ్వు చెబితే నమ్ముతుంది. స్కూలు నుంచి నాలుగున్నరకి వస్తుంది.

అమ్మ