కప్పల ఏడాది: ప్రకృతి పరిశీలక సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నీ కప్పలకే కేటాయించాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. అన్ని నెలలకు సరిపడా సంగతులు ఉంటాయా అని కార్యవర్గంలోనే అనుమానం ఉండేది. చివరికి నెలలే చాలలేదు.

మొదటి సమావేశం ఉత్తర అమెరికా వుడ్ ఫ్రాగ్ గురించి. చలికాలంలో ఇది రాలిన ఆకుల కింద గడ్డకట్టిపోతుంది. ఒంట్లోని నీటిలో సగానికి పైగా మంచవుతుంది, గుండె, ఊపిరి రెండూ ఆగిపోతాయి. కాలేయం విడుదల చేసే గ్లూకోజు కణాల్లో నిండి ఉండడంతో మంచు కణాల బయటే ఏర్పడుతుంది. ఎండ తగిలి కరిగాక ముందు గుండె కదులుతుంది, ఆ తర్వాతే ఊపిరి.

గాజుకప్ప నిద్రపోయేటప్పుడు ఎర్ర రక్తకణాల్లో దాదాపు 90 శాతాన్ని కాలేయంలో దాచేసి పారదర్శకంగా మారుతుందని 2022లో తేలింది. అన్ని కణాలు ఒకేచోట కిక్కిరిసినా రక్తం గడ్డకట్టదు. మధ్య ఆఫ్రికాలోని వెంట్రుకల కప్ప ఆపదొస్తే తన వేలి ఎముకనే విరిచి, చర్మం చీల్చి గోరులా బయటికి తెస్తుంది.

ఒక సవరణ. బోర్నియోలోని ఒక కప్పకు ఊపిరితిత్తులే లేవని మన పాత సంచికలో రాశాం. 2008 నుంచి అందరూ అదే నమ్మారు. వాటికి చిన్న ఊపిరితిత్తులు ఉన్నాయని 2024లో స్కానింగ్‌తో తేలింది. ఆ సంచిక దాచుకున్నవారు దయచేసి దిద్దుకోండి.

మనల్ని ఎక్కువగా కదిలించింది ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ కప్ప. తల్లి ఫలదీకరించిన గుడ్లను మింగి, పొట్టలోనే పొదిగేది. పిల్లలు ఎదిగేవరకు తిండి ముట్టేది కాదు. గుడ్ల నుంచీ తోకకప్పల నుంచీ వచ్చే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం జీర్ణాశయంలో ఆమ్లం ఊరకుండా ఆపేది. చివరికి పిల్లకప్పలు తల్లి నోట్లోంచి బయటికొచ్చేవి. కడుపులో పుండ్లకు మందు దొరుకుతుందేమోనని వైద్య పరిశోధకులు ఆశపడ్డారు. ఆ ఆశ తీరేలోపే, 1980ల మధ్యకి, ఆ కప్పే లేకుండా పోయింది. దాని దగ్గరి జాతిని 1984లో కనుగొన్నారు, 1985 తర్వాత అదీ కనబడలేదు. మొదటి కప్ప నుంచి తీసి దాచిన కణజాలంతో 2013లో పిండాలను తయారుచేశారు కానీ అవి కొద్దిరోజులకు మించి బతకలేదు. ఆ సాయంత్రం చర్చ ముగిశాక చాలాసేపు ఎవరూ లేవలేదు.

కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ శిలీంధ్రం వల్ల 501 ఉభయచర జాతుల్లో జీవుల సంఖ్య తగ్గిపోయిందని, ఆ జాతుల్లో 90 అంతరించి ఉంటాయని 2019లో లెక్కగట్టారు. తడి బూట్లతో, వలలతో అది ఒక నీటి నుంచి మరో నీటికి చేరుతుంది. అందుకే కార్యవర్గం తీర్మానించింది: వచ్చే ఏడాది క్షేత్ర పర్యటనల్లో ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్లేముందు బూట్లు, వలలు శుభ్రంగా కడిగి, క్రిమిసంహారకం పట్టించి, పూర్తిగా ఆరబెట్టాలి. తొందరగా ఉందని ఎవరికీ మినహాయింపు లేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

కార్యదర్శి