ఈ డిసెంబర్‌కి పెద్ద హోటల్ అడుగుతున్నవారికి

అందరికీ నమస్కారం.

మా ట్రావెల్ ఏజెన్సీకి డిసెంబర్ బుకింగుల ఫోన్లు మొదలయ్యాయి. దాదాపు అందరూ అడిగేది ఒకటే. "క్రిస్మస్ టైములో ఏదైనా పెద్ద సిటీలో, మంచి ఫైవ్‌స్టార్ హోటల్లో నాలుగు రోజులు ఉండాలండీ, రాత్రికి ఎంతవుతుంది?" ఈ సీజన్ నుంచి ఆ ప్రశ్నకి ఫోన్లోనే ఒక అంకె చెప్పడం మానేశాం. ఎందుకు మానేశామో చెబుదామనే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. డిసెంబర్ ప్రయాణం ఆలోచన ఉన్నవాళ్లు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్లకి ఇందులో అంత పనికొచ్చేది లేదు.

ముందు మార్పేంటో చెబుతాను. ఇకమీదట రూమ్ రేటు విడిగా పంపం. రూమ్, పన్నులు, సర్వీస్ చార్జి, అదనపు మంచం, తప్పనిసరి డిన్నర్ ఉంటే దాని ఖర్చు, అన్నీ కలిపి మీ జేబులోంచి పోయే మొత్తం ఎంతో అదే పంపుతాం. దాని కింద, ఏ తేదీలోపు క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుందో ఒక లైను. దీనివల్ల పక్కవాళ్ల కొటేషన్ పక్కన పెట్టి చూస్తే మాదే ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు "మీ దగ్గర రేటు ఎక్కువండీ" అని వేరేచోట బుక్ చేసుకున్నారు. చేసుకోనివ్వండి. తీరా చెకిన్ రోజున ఫోన్ చేసి మమ్మల్ని తిట్టేకంటే ఇప్పుడే వెళ్లిపోవడం మాకూ మంచిదే.

పోయిన డిసెంబర్లో మా పాత కస్టమర్ల కుటుంబం ఒకటి పెద్ద హోటల్‌కి వెళ్లింది. పేరు చెప్పను. డబ్బంతా ముందే కట్టారు, కన్ఫర్మేషన్ కాగితంలో డిన్నర్ మాటే లేదు. పన్నెండు గంటల ప్రయాణం చేసి, నిద్రకళ్లతో, పెట్టెలతో కౌంటర్ దగ్గర నిలబడితే, అక్కడి అమ్మాయి చిరునవ్వుతో ఒక కాగితం ముందుకు జరిపి "ఇక్కడ ఒక్క సంతకం సార్" అంది. చూస్తే 24వ తేదీ రాత్రి గాలా డిన్నర్, అందరికీ కలిపి, పిల్లలకి కూడా. వాళ్లతో వచ్చిన తాతగారూ మామ్మగారూ ఏడింటికల్లా తిని పడుకునే మనుషులు. రాత్రి తొమ్మిదింటికి మొదలయ్యే ఆరు కోర్సుల భోజనం వాళ్లేం చేసుకుంటారు? ఆ కుటుంబం లాబీ సోఫాలో కూర్చునుంటే మేం ఇక్కణ్ణుంచి ఫోన్లు, మెయిళ్లు. చివరికి పెద్దవాళ్లిద్దరికీ తీసేశారు గానీ మిగతావాళ్లకి కట్టించుకున్నారు. పండగ మూడ్ అక్కడికే సగం పోయింది.

గాలా డిన్నర్ అంటే తెలియనివాళ్ల కోసం: 24న, ఇంకా ఎక్కువగా 31న, కొన్ని హోటళ్లు ఆ రాత్రి మామూలు మెనూ ఆపేసి, బాల్‌రూమ్‌లోనో రెస్టారెంట్‌లోనో అందరికీ ఒకే విందు పెడతాయి. సంగీతం, అలంకరణ, అదనపు సిబ్బంది, అన్నింటి ఖర్చూ తలకింత అని రూమ్‌తో కలిపి అమ్మేస్తాయి. ఇది రిసార్టుల్లో ఎక్కువ, సిటీ హోటళ్లలో తక్కువ. తక్కువని లేదనుకోకండి. ఆ షరతు రేటు నిబంధనల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. మన కుటుంబాల్లో శాకాహారులు, ఉపవాసాలవాళ్లు, పొద్దుపోయాక తినని పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ డిన్నర్ ఉందా లేదా, ఉంటే ఎవరెవరికి తప్పనిసరి అన్నది హోటల్ నుంచి రాతలో తెప్పించుకున్నాకే మీ దగ్గర డబ్బు తీసుకుంటాం.

పన్నుల సంగతి కూడా చెప్పాలి. సింగపూర్‌లో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, 10 శాతం సర్వీస్ చార్జి, ఆ వచ్చినదాని మీద 9 శాతం జీఎస్టీ అని అర్థం. రెండూ కలిస్తే దాదాపు ఐదోవంతు పెరుగుతుంది. లండన్‌లో మామూలుగా 20 శాతం వ్యాట్ రేటులోనే కలిసి ఉంటుంది. తప్పనిసరి ఫీజులన్నీ మొదట చూపించే ధరలోనే కలపాలని బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి చట్టమే వచ్చింది. అమెరికాలోనూ 2025 మే నుంచి హోటళ్లకి అలాంటి రూలే ఉంది, కాకపోతే అక్కడ ప్రభుత్వ పన్నులు తర్వాత కలుపుకోవచ్చు. న్యూయార్క్‌లో ఆ పన్నులే 15 శాతానికి దగ్గరగా ఉంటాయి. నాలుగు రాత్రులు, రెండు రూములు అనుకోండి, తడిసి మోపెడవుతుంది.

ఇక అసలు విషయం, ఏ రాత్రులు తీసుకోవాలన్నది. హోటల్ నుంచి మాకు వచ్చేది కమీషన్, మామూలుగా రూమ్ రేటులో పది శాతం చుట్టూ. అంటే మీరు ఎంత ఖరీదైన రాత్రి తీసుకుంటే మాకంత లాభం. ఇది మనసులో పెట్టుకునే కింద రాసింది చదవండి.

నాలుగు రాత్రులూ ఫైవ్‌స్టార్‌లో ఉండకండి. ఒకటో రెండో చాలు. మిగతావి శుభ్రంగా ఉన్న మామూలు హోటల్లో ఉండండి. మీరు పొద్దున్నే బయల్దేరి ఊరు చూసి రాత్రికి కాళ్లీడ్చుకుంటూ వచ్చే రోజున ఆ పాలరాతి బాత్‌రూమ్‌కీ, ఈత కొలనుకీ కట్టిన డబ్బు దండగ. హోటల్లోనే గడిపే రోజు ఏదో చూసుకుని, ఆ రోజుకి పెట్టండి ఖర్చు.

లండన్‌లో ఆ రోజు ఏదో చెప్పక్కర్లేదు. డిసెంబర్ 25న అక్కడ ట్యూబ్ (ఊళ్లో తిరిగే మెట్రో రైలు) నడవదు, సిటీ బస్సులు నడవవు, రైళ్లు దాదాపుగా అన్నీ బంద్. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చే హీత్రూ ఎక్స్‌ప్రెస్ రైలు కూడా ఉండదు. బ్రిటిష్ మ్యూజియం 24 నుంచి 26 దాకా మూసే ఉంటుంది. అది తెలియక టికెట్ చవగ్గా దొరికిందని 25న దిగేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్లకి టాక్సీనే దిక్కు, దాని రేటు ఆ రోజు కొండెక్కి ఉంటుంది. మరోవైపు, ఆ రోజు పెద్ద హోటల్లో ఉన్నవాళ్లకి అంతకంటే సుఖం లేదు. పొద్దున తీరిగ్గా బ్రేక్‌ఫస్ట్, ఊరు నిర్మానుష్యంగా ఉంటుంది కాబట్టి ఒక నడక, మధ్యాహ్నం హోటల్లోనే క్రిస్మస్ లంచ్, సాయంత్రం లాబీలో చెట్టు పక్కన టీ. 24, 25 రాత్రులు పెద్ద హోటల్, ముందూ వెనకా మామూలు హోటల్. లండన్ అడిగిన అందరికీ నేను చెప్పేది ఇదే. లంచ్ మాత్రం రూమ్‌తో పాటే బుక్ చేసేయాలి, డిసెంబర్ దాకా ఆగితే దొరకదు.

లండన్ గురించే ఇంకో మాట. నది కనిపించే రూమ్ కావాలని చాలామంది అడుగుతారు. డిసెంబర్ చివర్లో అక్కడ సాయంత్రం నాలుగింటి చుట్టూ సూర్యాస్తమయం. చెకిన్ మూడింటికి. మీరు లిఫ్టెక్కి, పెట్టెలు వచ్చి, పిల్లలు ఏ మంచం ఎవరిదని కొట్టుకోవడం అయ్యేసరికి కిటికీలో చీకటి. రాత్రి దీపాలు చూడాలని ఉంటే సరే, లేకపోతే ఒక్క రాత్రికి ఆ వ్యూ కోసం అదనంగా కట్టొద్దు.

టోక్యో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ 25 సెలవు కాదు, ఆఫీసులూ రైళ్లూ మామూలుగా నడుస్తాయి. 24 రాత్రి మాత్రం జంటల పండగలాంటిది, పెద్ద హోటళ్ల రెస్టారెంట్లన్నీ నిండిపోతాయి. 26కల్లా క్రిస్మస్ చెట్లు తీసేసి కొత్త సంవత్సరానికి పైన్, వెదురు అలంకరణలు పెట్టేస్తారు. కాబట్టి క్రిస్మస్ హంగామా చూద్దామని 26న దిగితే ఏమీ ఉండదు. సంవత్సరాంతానికి చాలా మ్యూజియంలు కూడా మూస్తారు.

న్యూయార్క్‌లో డిసెంబర్ మొదటి వారాల నుంచే రేట్లు ఆకాశంలో ఉంటాయి. అందరూ రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గర పెట్టే పెద్ద క్రిస్మస్ చెట్టు కోసమే. 1931లో అక్కడ పనిచేసే కూలీలు తలా కొంత వేసుకుని నిలబెట్టిన చిన్న చెట్టుతో మొదలైందది. అది జనవరిలో కూడా కొన్ని రోజులు ఉంటుంది. పిల్లల బడి అడ్డం రానివాళ్లు కొత్త సంవత్సరం రద్దీ అయ్యాక వెళ్తే అదే చెట్టు, సగం జనం, రేటు కూడా బాగా దిగుతుంది. సింగపూర్ షాపింగ్ వీధి ఆర్చర్డ్ రోడ్ క్రిస్మస్ దీపాలు, 1984 నుంచి పెడుతున్నారు, నవంబర్‌లోనే వెలుగుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెయిర్‌మాంట్ హోటల్ లాబీలో రెండంతస్తుల జింజర్‌బ్రెడ్ (అల్లం వేసిన తీపి బిస్కెట్టు లాంటిది) ఇల్లు కూడా 24కి చాలా ముందే పెట్టేస్తారు. అలంకరణ చూడటమే మీ కోరికైతే 24నే వెళ్లాలని ఎక్కడా లేదు.

ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు. ఒకే ఊళ్లో రెండు పెద్ద హోటళ్ల రేట్లు ఈ సీజన్లో ఎదురెదురు దిక్కులకి పోతాయి. ఆఫీసుల పేటలో ఉన్న హోటల్‌కి ఏడాదంతా కంపెనీల మనుషులే గిరాకీ. 20వ తేదీ దాటగానే వాళ్లంతా ఇళ్లకి పోతారు, 28 దాకా రూములు ఖాళీ, రేటు పడుతుంది. షాపింగ్ వీధుల పక్కన ఉన్నదానికి అప్పుడే పీక్. నాలుగు స్టేషన్ల దూరంలో ఉన్న ఆఫీసుల పేట హోటల్ తీసుకుంటే అదే స్థాయి రూమ్ బాగా తక్కువలో వస్తుంది. 30, 31 రాత్రులకి మాత్రం ఈ కిటుకు పనిచేయదు. 31 రాత్రికి నా సలహా అడిగితే, వద్దనే చెబుతాను. కనీసం మూడు రాత్రులు తీసుకోవాలంటారు, డబ్బు వెనక్కి రాదంటారు, కింద బాల్‌రూమ్‌లో మోత తెల్లారేదాకా. ఎలాగూ వెళ్తామంటే బాల్‌రూమ్‌కి, లిఫ్టుకి దూరంగా పై అంతస్తు రూమ్ అడుగుతాం.

అప్‌గ్రేడ్ ఇప్పిస్తామని ఈ సీజన్లో మేం ఎవరికీ మాటివ్వం. హోటల్ నిండి ఉన్న రోజున పైస్థాయి రూమ్ ఖాళీగా ఎక్కడుంటుంది? ఇప్పిస్తామని చెప్పేవాళ్లని ఆ ముక్క రాసివ్వమనండి. మేం గట్టిగా పట్టుబట్టేది పిల్లలున్న కుటుంబాలకి మధ్య తలుపున్న రెండు రూముల కోసం. అది "రిక్వెస్ట్" అని రాసుంటే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. "గ్యారంటీ" అని ఉంటేనే నమ్మండి.

చెకిన్‌లో డిపాజిట్ కింద కార్డు మీద కొంత బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే అది మీ ఖాతాలోని డబ్బే, విడుదల కావడానికి రోజులు పట్టొచ్చు, ఆ లోపు ట్రిప్పులో చేతులు కట్టేసినట్టుంటుంది.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లకి ఈ వారంలో కొత్త పద్ధతిలో పూర్తి మొత్తం లెక్క వేసి పంపుతాం. అది చూశాక వద్దనుకుంటే మా సర్వీస్ ఫీజు పూర్తిగా వెనక్కి ఇస్తాం. హోటల్ ఇచ్చేది హోటల్ నిబంధన ప్రకారం. కొత్తగా అడిగేవాళ్లు తేదీలతో పాటు చెకిన్ రోజుకి పిల్లల వయసులు (చాలా హోటళ్లలో పన్నెండు దాటితే పెద్దవాళ్ల లెక్కే), ఎవరు ఏం తినరు, రాత్రి ఆలస్యంగా భోజనానికి ఎవరు కూర్చోలేరు, ఈ మూడూ రాసి పంపండి. మా ఆఫీసులో ఉన్నది ముగ్గురమే, అందుకని వచ్చిన వరుసలో జవాబిస్తాం. 24, 25 తేదీల్లో ఆఫీసు మూసి ఉంటుంది, ప్రయాణంలో ఉన్న కస్టమర్ల కోసం ఒక ఫోన్ మాత్రం రాత్రీ పగలూ ఆన్‌లో ఉంటుంది.