ఉప్పాడ తీరం కోతపై బహిరంగ లేఖ

తీర రక్షణ బాధ్యతలు చూస్తున్న ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. విడిగా ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాను.

ఉప్పాడలో సముద్రం ఏళ్లుగా ఇళ్లను, గుడులను, కాకినాడ బీచ్ రోడ్డును కోసేస్తోంది. 2010 ప్రాంతంలో వేసిన జియోట్యూబ్ గోడ (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలతో కట్టినది) అలల దెబ్బకు దెబ్బతింది. తర్వాత రాళ్లు పోశారు. కోత మాత్రం ఆగలేదు. తీరానికి చేరాల్సిన ఒండ్రును గోదావరి, దాని ఉపనదుల మీది డ్యాములు ఆపేస్తున్నాయి. ఇంకోవైపు సముద్రమట్టం పెరుగుతోంది. కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ నుంచి ఇక్కడి దాకా ఇసుక ఏ నెలలో ఎటు కదులుతోందో తెలుసుకోకుండా ఒకచోట గోడ కడితే, కోత పక్క ఊరికి మళ్లే ప్రమాదం ఉంది.

అల్పపీడనం అన్న మాట వింటే చాలు, ఇక్కడ ప్రతి ఇంట్లో టెన్షన్. పిల్లలతో, వలలతో ఎక్కడికి వెళ్లాలి? ఊరికి దూరంగా స్థలం ఇస్తే బోటును ఎవరు కాపలా కాస్తారు? వేటే మా బతుకు, ఇది దయచేసి గుర్తించండి.

కొత్త గోడకు టెండరు పిలిచే ముందు తీరరేఖను ఏడాది పొడవునా కొలిపించండి. ఆ అధ్యయనంలో మత్స్యకారులనూ కూర్చోబెట్టి, ఫలితాలను తెలుగులో పంచాయతీకి ఇవ్వండి. ఇళ్లు పోయినవారికి బోట్లకు నడిచి వెళ్లేంత దూరంలోనే స్థలాలు చూపండి. అక్టోబరు తుపాన్లు రాకముందే రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఉప్పాడ మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక పౌరురాలు