పాత డైనోసార్లకు ఇకమీదట కొత్త రంగు వెయ్యం

అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మన కొట్టులో పాత డైనోసార్ బొమ్మలకు రంగు వేసి ఇవ్వడం ఆపేస్తున్నాం. విరిగిన తోక అతికిస్తాం, మూగబోయిన బొమ్మ చేత మళ్లీ అరిపిస్తాం, ఏళ్ల నాటి మురికి వదిలిస్తాం. రంగు మాత్రం ముట్టుకోం. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు మాట ప్రకారం చేసిస్తాం. వద్దనుకుంటే డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు.

రంగు పనికి గిరాకీ బాగా ఉంది. ఆపేస్తే నెలవారీ రాబడి తగ్గుతుంది, అది తెలిసే ఈ పని చేస్తున్నాను. కారణం మీకు చెప్పాలి.

1993లో జురాసిక్ పార్క్ సినిమాతోపాటు కెన్నర్ కంపెనీ తెచ్చిన బొమ్మల్నే తీసుకోండి. ఒంటి మీద జేపీ అని ముద్ర, దాంతో ఒక అంకె ఉంటాయి. కొన్నిటికి డొక్క దగ్గర ఊడదీసే చర్మం ముక్క ఉంటుంది, దాన్ని తీస్తే లోపల ఎర్రటి కండ, పక్కటెముకలు కనిపిస్తాయి. డైనో డ్యామేజ్ అని దానికి పేరు. డైలోఫోసారస్ నీళ్లు ఉమ్ముతుంది. పెద్ద ఎర్ర టీ-రెక్స్‌ది మెత్తటి రబ్బరు తోలు, ముడతలతో సహా పోత పోశారు. అలాంటి తోలు మీద స్ప్రే కొడితే ముందుగా పోయేది ఆ ముడతలే. జేపీ ముద్ర అంచులు పూడుకుపోతాయి. పైగా మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ మీద ఎనామిల్ రంగు సరిగా ఆరదు. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనం లోపలి నుంచి పైకి వచ్చి రంగులో కలుస్తుంది, ఎన్నాళ్లయినా వేలికి జిగురు తగులుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. రంగు వేసిన బొమ్మ రెండు చేతులు మారేసరికి ఒరిజినల్ అయిపోతుంది. మూడో మనిషి పూర్తి ధర పెట్టి కొంటాడు. నా కొట్టులోంచి వెళ్లిన బొమ్మతో ఎవరూ అలా మోసపోకూడదు. అందుకే ఇకనుంచి అమ్మే ప్రతి బొమ్మకీ చీటీ కడతాం: ఏ భాగం అసలుది, ఏది తర్వాత చేయించింది, ఎక్కడ అతుకు ఉంది, అన్నీ రాసి.

మన ఊళ్లో ఈ బొమ్మలు దొరకడమే ఒక విశేషం. ఓడల మీద పనిచేసిన మేనమామలు, నాన్నలు విదేశాల నుంచి సూట్‌కేసులో పెట్టుకొచ్చినవే ఎక్కువ. అరిగిన పంజా చూస్తేనే తెలుస్తుంది, ఆ పిల్లాడు దాన్ని ఏ సిమెంటు అరుగు మీద ఎంతగా పరిగెత్తించాడో. ఆ అరుగుదల మీద రంగు పూయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

దాచుకునే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే మన సముద్రపు గాలి వీటికి శత్రువు. బ్యాటరీలు బొమ్మలో వదిలేయకండి. ఆల్కలైన్ సెల్ కారితే స్ప్రింగు మీద తెల్లగా పొక్కు కడుతుంది. అది క్షారం కాబట్టి దూదికి కాస్త వెనిగరో నిమ్మరసమో అద్ది తుడిచి, ఆరబెట్టాలి. జిగురుపట్టిన బొమ్మని గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, అరుపుల బొమ్మైతే తడిగుడ్డతో తుడిస్తే చాలు. థిన్నర్ వద్దే వద్దు. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టకండి, అటక మీద వేడిలో అసలే వద్దు. 2014 హుద్‌హుద్‌లో అటకల మీద తడిసిన పెట్టెలు ఇప్పటికీ కొట్టుకి వస్తున్నాయి. అట్ట పోయినా బొమ్మ బతికే ఉంటోంది.

ధరల విషయం. బయటి దేశాల నుంచి తెప్పించమని చాలామంది అడుగుతున్నారు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ముప్పై ఏళ్ల నాటి బొమ్మకి ఆ మార్కు ఎక్కడిది? కాబట్టి ఇక్కడి ఇళ్లలోంచి వచ్చేవే మనకు సరుకు. అమ్మేవాళ్లకి మంచి రేటు ఇవ్వాలనుకుంటున్నాను, అందుకే షెల్ఫు ధరలు కొంచెం పెరుగుతాయి. తిరునాళ్లలో అమ్మిన బోలు ప్లాస్టిక్ డైనోసార్లకు మాత్రం పాత ధరే. మనలో ఎక్కువమంది చిన్నప్పుడు ఆడుకున్నవి అవే, వాటిని అందరికీ అందేలా ఉంచాలి.

చిన్నపిల్లలకి కొనడానికి వచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పాత మెత్తటి బొమ్మలు నోట్లో పెట్టుకునే వయసువాళ్లకి నేను అమ్మను. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లు అనే రసాయనాలకు పిల్లల బొమ్మల్లో అమెరికాలో కూడా చట్టంతో హద్దు పెట్టింది 2008లో, ఈ బొమ్మలు అంతకు ముందువి. వాళ్లకోసం ఏటికొప్పాక లక్క బొమ్మలు ఒక అరలో పెట్టాను. అంకుడు కర్రతో కోటాసారస్ చేయించాలని కూడా ఆశగా ఉంది. గోదావరి లోయ రాళ్లలో దొరికిన మన డైనోసార్ అది, అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఆ పొడుగు మెడని కర్రలో ఎలా తేవాలో పనివారితో మాట్లాడుతున్నాను.

ప్రస్తుతం నాకు బాగా కావలసింది విడి భాగాలు. డొక్క చర్మం ముక్కలు, బ్యాటరీ మూతలు, తెగిపోయిన కాళ్లు. అటక దులిపేటప్పుడు చెత్తలో వేయకండి, ముక్క ఒక్కటే ఉన్నా తీసుకురండి. దానికోసం ఎదురుచూస్తున్న బొమ్మ నా దగ్గర ఉండొచ్చు. పాత రోజుల్లాగే సాయంత్రం కొట్టు తెరిచే ఉంటుంది, ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకానే.