సీనాకు, పలమనేరు స్థలం గురించి

రేయ్ సీనా,

పక్కాయన నీ స్థలంలోకి జరిగి రాళ్లు పాతినందుకు కోపం రావడం న్యాయమే. కానీ "రేపే కేసేసి ఆరు నెలల్లో తేల్చేస్తా" అన్నావు చూడు, దానికి మాత్రం నవ్వొచ్చింది. మా చిన్నాన్న దావాకి తోడుగా కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి, కాస్త విను.

నువ్వు తిరుపతిలో ఉన్నావని అక్కడ కేసు వెయ్యడం కుదరదు. స్థలం ఎక్కడుంటే అక్కడి కోర్టే, అంటే పలమనేరు. వకీలు దావా రాసి, కోర్టు ఫీజు కట్టి దాఖలు చేస్తే, ఆఫీసులో లోపాలు చూసి వెనక్కిస్తారు, సరిచేశాకే ఓఎస్ నంబరు, అంటే సివిల్ దావా నంబరు పడుతుంది. తర్వాత పక్కాయనకి కోర్టు నుంచి సమన్లు. అవి అందకుండా తప్పించుకుని తిరిగేవాళ్లే ఎక్కువ. అవి అందిన తర్వాత ఆయన జవాబు వెయ్యడానికి 30 రోజులు, కోర్టు 90 దాకా పొడిగించొచ్చు.

అసలు తేడా వచ్చేది నువ్వేం కోరావన్న దగ్గర. నీ వకీలు ఒట్టి ఇంజంక్షన్ (స్థలం జోలికి రావద్దనే ఉత్తర్వు) వేద్దామంటున్నాడని చెప్పావే, అదే నాకు టెన్షన్. పక్కాయన చేతిలోనూ ఏదో కాగితం ఉంది, స్థలం తనదే అంటున్నాడు. హక్కు విషయంలోనే గట్టి వివాదం ఉంటే ఇంజంక్షన్ ఒక్కటే అడిగితే చాలదని 2008లో సుప్రీంకోర్టు వరంగల్ స్థలం కేసులో చెప్పింది. హక్కు నీదని కోర్టు ప్రకటించేలా డిక్లరేషన్, ఆ రాళ్లు తీసి స్థలం అప్పగించమని, అన్నీ కలిపి అడగమను. కోర్టు ఫీజు పెరుగుతుంది, పెరగనీ. సర్వేయర్‌ని పెట్టుకుని కొలవడానికి కోర్టు తరఫున స్థలం చూసొచ్చే అడ్వకేట్ కమిషనర్‌ని వెయ్యమని కూడా పిటిషన్ పెట్టించు.

ఇక ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) రాసుకుని సాక్ష్యానికి వచ్చేసరికి ఎన్ని వాయిదాలో దేవుడికే తెలియాలి. నీ చీఫ్ అఫిడవిట్, అంటే నీ సాక్ష్యం కాగితం, వకీలే టైపు చేయిస్తాడు, కష్టం అవతలి వకీలు ప్రశ్నలేసే క్రాస్‌లో. మా చిన్నాన్న బోనెక్కిన రోజు అవతలి వకీలు చాలా మర్యాదగా, "ఉత్తరం హద్దు ఏంది పెద్దాయనా?" అన్నాడు. "బాట సార్" అన్నాడు చిన్నాన్న. దస్తావేజులో కాలవ అని ఉంది! జడ్జిగారు ఆ మాట రికార్డు చేయిస్తుంటే నా గుండె జారిపోయింది. కాలవ పూడ్చి పంచాయతీవాళ్లు బాట వేశారని మళ్లీ మా వకీలే రీ-ఎగ్జామిన్‌లో (క్రాస్ తర్వాత మనవాళ్లు మళ్లీ అడిగే ప్రశ్నల్లో) చెప్పించుకోవాల్సి వచ్చింది. అందుకే నీ దస్తావేజు చక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, నోటికి రావాలి, నేల మీద ఇప్పుడేముందో కూడా చూసి పెట్టుకోవాలి.

డిక్రీ నీకనుకూలంగా వచ్చినా పని కాలేదురా. అవతలివాడు 30 రోజుల్లో చిత్తూరు జిల్లా కోర్టుకి అప్పీలుకెళ్లొచ్చు, ఆపైన హైకోర్టులో సెకండ్ అప్పీలు, అదైతే ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే. ఎవరూ వెళ్లకపోయినా ఆ రాళ్లు వాటంతటవే లేచిపోవు, డిక్రీ అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వెయ్యాలి. మామూలుగా దానికి 12 ఏళ్ల గడువు, కానీ రాళ్లు తొలగించమన్న ఉత్తర్వుకి మూడేళ్లే. గెలిచాం కదా అని నిద్రపోతే అంతే సంగతులు.

మధ్యలో ఆయన రాజీకొస్తే లోక్ అదాలత్‌లో కూర్చో, రోషానికి పోకు. అక్కడి అవార్డు మీద అప్పీలుండదు, కట్టిన కోర్టు ఫీజూ వెనక్కొస్తుంది.

ఆదివారం మీ ఇంటికొస్తా. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (స్థలం లావాదేవీల సర్టిఫికెట్), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు బయట పెట్టు. అంతవరకూ పోయి ఆ రాళ్లు పీకకు, తర్వాత ఆయన నీ మీద పోలీసు కేసు పెడితే అదింకో తలనొప్పి.

నీ,
రఘు