జ్వరమొస్తే ఒంటి మీద మచ్చ వెతకండి

సంపాదకుడికి,

వానలు వెనకబట్టి పత్తి ఏరే రోజులొచ్చాయంటే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్‌ను మరిచిపోకూడదు. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్లలు కుడితే వచ్చే జ్వరమిది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి.

తికమకంతా ఇక్కడే. ఇందులోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి డెంగీ అనుకుంటారు. టైఫాయిడ్ కోసం ఒక్కసారి చేసిన వైడల్ రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలు, టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల దాగి పెరుగుతుంది, దానిమీద ఆ ఇంజెక్షన్ పనిచేయదు. రోగి సెలైన్ల మీద ఉండగానే రోజులు గడిచి ఊపిరితిత్తులకు, కిడ్నీలకు, మెదడుకు పాకుతుంది.

చాలామందిలో పురుగు కుట్టిన చోట బీడీ కాల్చి అంటించినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి చెప్పడు, మనమే చూడాలి: చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు దగ్గర, లంగా నాడా కట్టే చోట, చెవి వెనక. చెమట పట్టే మడతల్లో పెచ్చు కట్టక తెల్లటి చిన్న పుండులాగే ఉండొచ్చు. కిక్కిరిసిన ఓపీలో ఆడవాళ్లు చీర సడలించి చూపించలేరు, అది వాళ్ల తప్పు కాదు. ఒక తెర, పక్కన ఒక నర్సమ్మ ఉంటే రెండు నిమిషాల పని. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఈ జబ్బును తేల్చే ఐజీఎం ఎలైజా రక్తపరీక్ష కూడా మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావొచ్చు. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి.

పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేకుంటే గొంతు కింద పుండు పడుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్. మామూలుగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది, దిగకపోతే ఇంకేదైనా ఉందేమో వెతకాలి.

ఆయాసం, మగత వచ్చిన తీవ్ర కేసుల సంగతి వేరు. మన దేశంలోనే 794 మంది మీద జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో ఒక గుంపుకు ఈ రెండు మందులను కలిపి నరానికి ఇచ్చారు. మరణం, వారమైనా తగ్గని చిక్కులు, అయిదో రోజుకీ దిగని జ్వరం, వీటిలో ఏదో ఒకటి కనిపించినవాళ్లు ఆ గుంపులో 33 శాతం. ఒక్క మందే ఇచ్చిన గుంపుల్లో 47, 48 శాతం. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే రోగం అంత దూరం పోకముందే పట్టుకోవడం మీద మా పట్టుదల.

డాక్సీసైక్లిన్ చవకైన మాత్ర. ఈ సీజన్‌లో ప్రతి పీహెచ్‌సీలో అది నిండుగా ఉంచాలని, జ్వరం కేస్‌షీట్ మీద 'ఒళ్లంతా చూశాం, మచ్చ ఉంది' లేదా 'లేదు' అని రాసే ఒక గడి పెట్టాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

– జ్వరాల వార్డు వైద్యులు కొందరు, హన్మకొండ